కోమా చెయ్యి చేసుకుంది

ఆ అమ్మాయికి పదహారేళ్లు వచ్చినా లోకానికి మాత్రం ఇంకా 'పాపే'. పాలపళ్లు ఊడక ముందే టీవీ సీరియల్లోకి దిగింది. పళ్లు ఊడి కొత్తవి వచ్చాయి, ఎత్తు పెరిగింది, గొంతు మారింది, పేరొక్కటే ఊడలేదు. బస్సెక్కితే కండక్టరు "పాపకి కాస్త జరగండమ్మా" అంటాడు. మందుల షాపాయన చిల్లర ఇస్తూ, "మీ బాబాయి నిన్ను ఎంత ఏడిపిస్తున్నాడు తల్లీ, పాపం!" అని నిట్టూరుస్తాడు. పాపకి పక్కన ఒక సున్నా చుట్టి పాపం చేసేయడం జనానికి అలవాటైపోయింది.

ఆ ఏడిపించే బాబాయి సీరియల్లో బాబాయే. ఇంట్లో బాబాయిలు లేరు. నాన్న కారు నేర్పే మాస్టరు. నేర్చుకునేవాడు స్టీరింగు పట్టుకుంటే ఆయన పక్క సీట్లో కూర్చుంటాడు. ఆ పక్క కూడా కాళ్ల దగ్గర ఒక బ్రేకు ఉంటుంది. "మీ అమ్మాయికి చిన్నప్పుడే మంచి బ్రేకు వచ్చిందండీ" అని ఎవరైనా మెచ్చుకుంటే, "మా ఇంట్లో ఎవరికైనా వచ్చేది అదేనండీ" అంటాడు. అమ్మది దర్జీ షాపు. షూటింగున్న రోజు షట్టరు దింపేసి, కూతురి వెంట వెళ్లి, సెట్లో ఓ మూల కుర్చీ వేసుకుని కాజాలు కుట్టుకుంటుంది.

ఇక నాయనమ్మ. ఆవిడ సీరియల్ చూడదు, సీరియల్‌తో కాపురం చేస్తుంది. బాబాయి తెర మీదికి రావడం ఆలస్యం, "వచ్చావుట్రా సచ్చినోడా! ఇవాళ ఎవరి కొంప ముంచడానికి?" అని సోఫాలోంచి సగం లేస్తుంది. మనవరాలు పక్కనే కూర్చుని రొట్టె నములుతున్నా, తెర మీద పాప ఏడ్చిందంటే ఈవిడ కళ్లు తుడుచుకోవాల్సిందే.

"నాయనమ్మా, అది గ్లిజరినే!"

"గ్లిజరిన్ నీకు. నాకు నిజంగానే వస్తున్నాయి."

ఈ ఏడు బళ్లో పెద్ద పరీక్షలు. తెర మీద ఉన్నవాళ్లకి తెరిపి ఎక్కడ? బళ్లో హాజరు తక్కువ, టీచర్ల బేజారు ఎక్కువ. పాత్రలో ఒదిగితే పాఠం ఒలికిపోతోంది. చివరికి అమ్మ వెళ్లి డైరెక్టరుని బతిమాలింది. డైరెక్టరు రచయిత వైపు చూశాడు. "పాప పాత్రకి ఫుల్‌స్టాప్ పెట్టలేను కదండీ, ఓ కామా పెడతాను" అన్నాడు రచయిత. మర్నాటి ఎపిసోడులో ఆ కామా కోమా అయింది. పాప మెట్ల మీంచి పడిపోయింది, తలకి కట్టు, మూతికి మాస్కు, పక్కన టిక్కుటిక్కుమనే యంత్రం.

పాప ఒక్క రోజంతా ఆ ఆసుపత్రి సెట్లో పడుకుంది. కుడి నుంచి, ఎడమ నుంచి, దుప్పట్లు మార్చి మార్చి, ఉదయపు వెలుతురులో, సాయంత్రపు వెలుతురులో తీసి పెట్టేసుకున్నారు. దాన్ని 'స్టాకు' అంటారు. ఎపిసోడుకో ముక్క అతికించుకుంటే పరీక్షలయ్యేదాకా సరిపోతుంది. సీరియల్లో పాప సీరియస్, బళ్లో హుషార్. ఇంతకన్నా మంచి రోజులు తన జన్మలో లేవనుకుంది.

ఆ మంచి రోజుల్లోనే స్కేలు దగ్గరయ్యాడు. స్కేలంటే గీతలు గీసేది కాదు, గీసినట్టుండే కుర్రాడు. పొడుగు, సన్నం, మాట సూటి. వాళ్లింట్లో టీవీ లేదు. ఈ భూమ్మీద ఆమెని పాపా అని పిలవని మగవాడు బహుశా అతనొక్కడే. ఫిజిక్స్ మేడమ్ ప్రాజెక్టుకి ఇద్దరినీ జత కట్టినప్పటి నుంచీ 'పార్ట్‌నర్' అంటాడు. ఆ మాట వినగానే ఆమె చెవులు ఎర్రబడతాయి. మేకప్ వేసే ఆవిడ అంత ఎరుపు ఏ డబ్బాలోంచీ తీయలేదు.

ప్రాజెక్టు ఆలోచన నాన్న కారులోంచే వచ్చింది: ఇద్దరూ వేయగలిగే బ్రేకు. చెక్క మీద ఒక చక్రం. రెండు చివర్లా రెండు పెద్ద సిరంజీలు, అవే పెడళ్లు. వాటిని కలిపే గొట్టం నిండా రంగునీళ్లు. ఎవరు నొక్కినా నీళ్ల ఒత్తిడి చక్రం దగ్గరికి పాకి దాన్ని ఆపాలి. ఒక్కటే చిక్కు. ఒకరు నొక్కుతున్నప్పుడు రెండోవాళ్లు తమ సిరంజిని బిగించి పట్టుకోవాలి. పట్టుకోకపోతే నీళ్లు చక్రాన్ని ఆపడం మానేసి అటువైపు సిరంజిని బయటికి తన్నేస్తాయి.

"అందుకని ఇద్దరూ ఉండి చూపించాలి. ఒకళ్లు రాకపోతే ఇద్దరికీ సున్నా" అంది మేడమ్.

స్కేలు ఆమెకేసి చూశాడు. చూడడా మరి? కోమాకి ముందు రెండుసార్లు వస్తానని చెప్పి రాలేదు. రెండుసార్లూ అతను ల్యాబు బయట మెట్ల మీద ఒక్కడే కూర్చున్నాడు.

"ఈసారి వస్తా. ఒట్టు" అంది.

"ఒట్టొద్దు. వస్తే చాలు. నువ్వు పట్టుకోకపోతే నేనెంత నొక్కినా దండగే, పార్ట్‌నర్."

అన్నది సిరంజి గురించే. కానీ ఆ మాట ఇంటిదాకా ఆమె వెంట నడిచొచ్చింది.

ఇంటికొచ్చేసరికి ఫోను మోగింది. డైరెక్టరు.

"పాపా! శుక్రవారం పొద్దున్నే రావాలి. బాబాయి దొంగతనంగా నీ గదిలోకొచ్చి మాస్కు గొట్టం లాగేయబోతాడు. మీరిద్దరూ ఒకే ఫ్రేములో ఉండాలి. స్టాకులో బాబాయి లేడు కదా. ఆయన మధ్యాహ్నం వేరే షూటింగుకి పోతున్నాడు, మళ్లీ దొరకడు."

శుక్రవారం పొద్దున్నే ప్రాజెక్టు. ఆమె నోరు తెరిచింది. కాదనాలనుకుంది. కానీ ఆ నోటికి చిన్నప్పటి నుంచీ ఒకటే డైలాగు బట్టీ.

"సరే సార్."

ఇదీ ఆ పిల్ల జబ్బు. స్కేలుకి సరే, మేడమ్‌కి సరే, డైరెక్టరుకి సరే. మూడు సరేలు కలిసి ఒక్క శుక్రవారం మీద కూర్చున్నాయి. నటి నట్టేట మునిగింది.

"ఫోన్ చేసి కుదరదని చెప్పనా?" అంది అమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ.

"వద్దమ్మా! ఈసారి డేటు తప్పితే కట్లు కట్టి మనిషిని మార్చేస్తానని పోయినసారే అన్నారు."

సీరియళ్లలో అదో పద్ధతి. నటి కుదరకపోతే పాత్ర ముఖానికి ప్రమాదం జరుగుతుంది. కట్లు విప్పేసరికి లోపల వేరే అమ్మాయి ఉంటుంది. తల్లి పాత్ర కూడా తేడా గుర్తుపట్టనట్టే "నా బంగారం!" అని కౌగిలించుకుంటుంది.

"డూపుని పెట్టమనండి" అన్నాడు నాన్న. "దూకడానికీ పడడానికీ పెడతారుగా, పడుకోడానికి పెట్టకూడదా?"

అసిస్టెంట్ డైరెక్టరుకి ఫోను చేశారు. అందరికీ అక్కయిన మనిషి. ఆవిడ అంది: "ముఖం క్లోజప్పులు స్టాకులో ఉన్నాయి. ఇది దూరం నుంచి తీసే షాటు. కట్టు, మాస్కు, దుప్పటి. పాప సైజులో ఓ మనిషుంటే చాలు. సార్‌తో మాత్రం అనకండి, ఆయనకి డూపంటే చిరాకు."

పాప సైజులో మనిషి! అమ్మ పనికిరాదు, పాప దుప్పటి అమ్మకి తువ్వాలు. అందరూ ఒకేసారి సోఫా వైపు తిరిగారు. నాయనమ్మ సరిగ్గా మనవరాలి ఎత్తే. వయసుతో ఈవిడ కిందికి దిగుతూ వచ్చింది, అది పైకెక్కుతూ వచ్చింది, ఇద్దరూ మధ్యలో ఒకచోట కలుసుకున్నారు.

"నేను రెడీ" అంది నాయనమ్మ, ఎవరూ అడగకుండానే.

"నోరు తెరవకూడదు నాయనమ్మా."

"కోమాలో ఉన్నవాళ్లు నోరు తెరుస్తారుటే? ఆ మాత్రం తెలీదనుకున్నావా? నీకన్నా ఎక్కువ ఎపిసోడ్లు చూశాన్నేను."

"బాబాయి వస్తాడు."

"రానీ."

ఆ 'రానీ'లో ఏదో ఉంది. నాన్న కాలు అలవాటుగా నేల మీద బ్రేకు కోసం వెతికింది. కానీ ఇంట్లో బ్రేకు లేదు.

శుక్రవారం బడి హాలు నిండా బల్లలు, బల్లల మీద అగ్నిపర్వతాలు, గాలిమరలు, వెలగని బల్బులు. స్కేలు బల్ల దగ్గర నిలబడి గుమ్మం వైపు చూడకూడదని గట్టిగా ప్రయత్నిస్తూ గుమ్మం వైపే చూస్తున్నాడు. ఆమె కనిపించగానే ముఖం పక్కకి తిప్పేసుకుని చక్రం తుడిచాడు. అప్పటికే మెరుస్తున్న చక్రం.

"వచ్చావే!"

"రాననుకున్నావా?"

"మెట్లు కూడా చూసుకొచ్చా, కూర్చోడానికి."

ఇద్దరూ ఒకసారి నొక్కి చూసుకున్నారు. చక్రం ఆగలేదు. మెత్తగా, దిండు నొక్కినట్టు, సిరంజి లోపలికి పోతోంది, అటు బ్రేకు కదలడం లేదు. స్కేలు గొట్టం ఎత్తి వెలుతురుకి పట్టాడు. నీళ్ల మధ్యలో ఇంతింత గాలి బుడగలు.

"రాత్రి దించి పెట్టినప్పుడు గాలి దూరినట్టుంది. మొత్తం ఊడదీసి నింపాలి. టైము లేదు" అన్నాడు. సూటిగా ఉండే మాట మొదటిసారి వంగింది.

మేడమ్ రెండు బల్లల అవతల ఉంది. ఒక అగ్నిపర్వతం పేలింది, చప్పట్లు కొట్టారు. ఆమె గొట్టం ఒక చివర ఊడదీసి, సిరంజి అందుకుని నిలువుగా పట్టి, గోటితో టక్, టక్, టక్ అని కొట్టింది. బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకి లేచాయి. మెల్లిగా తోసింది. గాలి పోయి, చివరనుంచి ఒక నీటిబొట్టు ఉబికింది.

స్కేలు కళ్లు పెద్దవి చేశాడు. "ఎక్కడ నేర్చుకున్నావ్?"

"కోమాలో. మా నర్సు ప్రతి ఎపిసోడులో చేసేది ఇదే. డైలాగు లేదు కదా ఆవిడకి, ఉన్న ఒక్క పనీ బాగా చేస్తుంది."

మేడమ్ వచ్చింది. చక్రం తిప్పింది. స్కేలు నొక్కాడు, ఆమె బిగించి పట్టుకుంది. చక్రం టక్కున ఆగింది. ఆమె నొక్కింది, అతను పట్టుకున్నాడు. మళ్లీ ఆగింది. "మూసి ఉన్న నీళ్లలో ఒకచోట ఒత్తిడి పెడితే అన్ని వైపులా అంతే ఒత్తిడి పాకుతుంది మేడమ్" అని ఆమె చెప్పింది. ఈ సూత్రం తనకి పుస్తకం తెరవకముందే తెలుసు.

"ఒకళ్లు పట్టు వదిలేస్తే?" అంది మేడమ్.

"వదలం మేడమ్" అన్నాడు స్కేలు. చక్రం ఎప్పుడో ఆగింది. ఇద్దరూ సిరంజీలు ఇంకా పట్టుకునే ఉన్నారు.

మేడమ్ నవ్వు దాచుకుంటూ పక్క బల్లకి వెళ్లాక ఆమె ఫోను తీసి చూసింది. అమ్మ నుంచి కాల్సే కాల్స్. కింద ఒక మెసేజు: 'నాయనమ్మ బాబాయిని కొట్టింది. షాటులోనే. వెంటనే రా.'

"అయిపోయాను! నాకు కట్లు కట్టేస్తారు!"

"ఎవరు? ఎందుకు?" అన్నాడు స్కేలు. టీవీ లేనివాడికి ఇదంతా ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలి?

ఆమె పరిగెత్తింది, వెనకే స్కేలు. బడి బయట, అమ్మ ఫోను చేస్తే వచ్చిన నాన్న కారు సిద్ధంగా ఉంది. స్టీరింగు దగ్గర మాత్రం నాన్న లేడు. కళ్లజోడు, చెమట, పళ్లు బిగబట్టిన ఒక బ్యాంకు గుమాస్తా ఉన్నాడు.

"నాన్నా, నువ్వు నడపొచ్చుగా! త్వరగా వెళ్లాలి!"

"ఈయన క్లాసు టైమమ్మా ఇది. డబ్బు కట్టిన మనిషిని దించేయమంటావా? ఎక్కండి."

కారు నడిచింది. అంటే నిజంగానే నడిచింది. పక్కనుంచి ఒక తాతగారు కర్ర పోటేసుకుంటూ వీళ్లని దాటి వెళ్లిపోయారు. వెనక సీట్లో ఆమె జరిగిందంతా స్కేలుకి చెప్పింది. మూడు సరేలతో సహా.

"మరి ఆ సార్‌కి కుదరదని చెప్పొచ్చుగా?"

"నాకు రాదు."

"సిరంజి కొట్టడం వచ్చింది. ఇది రాదా?" అన్నాడు.

గుమాస్తా మలుపులో బ్రేకుకి బదులు యాక్సిలరేటరు తొక్కాడు. నాన్న తన బ్రేకు తొక్కాడు. వెనక ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. కారు ఆగాక కూడా సర్దుకోడానికి ఎవరూ తొందరపడలేదు. అద్దంలో చూసిన నాన్న గట్టిగా దగ్గాడు. ఆ దగ్గు కూడా బ్రేకే.

ఇద్దరూ సెట్లో అడుగుపెట్టారు. ఆసుపత్రి మంచం మీద నాయనమ్మ తలకట్టుతోనే కాళ్లు వేలాడేసుకుని టీ తాగుతోంది. బాబాయి ఒక కుర్చీలో ఎడమ చెంపకి మంచుగడ్డ పెట్టుకుని కూర్చున్నాడు. అక్క తల వంచుకుని నిలబడింది. అమ్మ ఒకే కాజాని మూడోసారి కుడుతోంది.

డైరెక్టరు మానిటరు వైపు వేలు చూపించాడు. షాటు ఆడింది.

చీకటి గది. తలుపు సందులోంచి బాబాయి. పిల్లిలా వచ్చాడు, మంచం మీదికి వంగాడు, గొట్టం మీద చెయ్యి వేశాడు. "పోయిరా పాపా" అని గుసగుసగా నవ్వాడు. దుప్పటి కదిలింది. లోపల్నుంచి ఒక చెయ్యి లేచి అతని మణికట్టు పట్టుకుంది. బాబాయి నిజంగానే హడలిపోయాడు, అది నటన కాదు. రెండో చెయ్యి లేచింది. ఫెడేల్! చంపడానికి వచ్చినవాడి చెంప పగిలింది. మాస్కులోంచి మూలుగులాంటి గొంతు: "ఎన్నాళ్ల నుంచి కాచుక్కూచున్నాన్రా నీ కోసం!"

మానిటరు నల్లబడింది. ఎక్కడో లైట్ల మీద నుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"నోరు తెరవలేదే. మాస్కు వేసుకునే ఉన్నా" అంది నాయనమ్మ.

"ఎవరు పంపారు ఈవిడని?" అన్నాడు డైరెక్టరు.

అక్క నోరు తెరవబోయింది. అమ్మ లేవబోయింది.

"నేనే సార్" అంది ఆమె. "బళ్లో ప్రాజెక్టుంది. మీకు చెప్పడానికి భయమేసి చెప్పలేదు. అక్క తప్పు లేదు, అమ్మ తప్పు లేదు. నాదే."

డైరెక్టరు ఆమెని పైకీ కిందికీ చూశాడు. పాప ఇన్నేళ్లలో ఆయనతో ఇంత పెద్ద డైలాగు చెప్పలేదు, అదీ రాసివ్వకుండా.

"కోపం సంగతి తర్వాత తేల్చుకుంటా. ముందిది విను. ఈ షాటు పారేయలేను, బాబాయి ఇంత బాగా ఎప్పుడూ భయపడలేదు. మళ్లీ తీద్దామంటే ఆయన వెళ్లిపోతున్నాడు. వాడుకున్నాననుకో, పాప కోమాలోంచి లేచినట్టే. లేచిన పాప తర్వాతి ఎపిసోడులో ఉండాలిగా? రేపట్నుంచి రోజూ రావాలి నువ్వు."

కోమా కరిగిపోయింది. పరీక్షల కోసం పెట్టిన కామాని నాయనమ్మ ఒక్క దెబ్బతో తుడిచిపారేసింది. ఆమె పెదవుల మీదికి 'స' వచ్చేసింది. గుమ్మం దగ్గర స్కేలు కేబుళ్ల మధ్య ఎక్కడ కాలు పెట్టాలో తెలియక ఒంటికాలి మీద నిలబడి చూస్తున్నాడు. సాయమేం చేయలేదు, నవ్వలేదు. పట్టు వదలని మనిషిలా చూస్తున్నాడంతే.

"కుదరదు సార్" అంది.

ఎవరి చేతిలోంచో గ్లాసు జారింది. అమ్మకి సూది గుచ్చుకుంది.

"ఏమన్నావ్?"

"పరీక్షలయ్యేదాకా కుదరదు సార్. అయ్యాక మీరు ఎప్పుడంటే అప్పుడు వస్తా." గొంతు వణికింది కానీ ఆగలేదు. "ఆ షాటు ఇంకోసారి వేస్తారా? చెయ్యి లేచే చోట ఆపండి."

ఆపారు. తెర మీద ఒక చెయ్యి. నరాలు తేలి, ముడతలు పడి, బోలెడు అంట్లు తోమి, బట్టలు పిండి, పిల్లల్ని ఎత్తిన చెయ్యి. తలకి కట్టు కట్టారు, మూతికి మాస్కు పెట్టారు, చేతుల సంగతి ఎవరికీ తట్టలేదు. కోమాలో ఉన్నవాళ్లకి చేతులతో పనేముంది?

"అది పాప చెయ్యి కాదని చంటిపిల్లలకి కూడా తెలిసిపోతుంది సార్."

"అదేగా నా ఏడుపు!"

"తెలియనివ్వండి. కథలో పాపని వాళ్లమ్మ ఎప్పుడో దాచేసిందనుకోండి. బాబాయిని పట్టుకోడానికి ఆ మంచం మీద ఇంకెవరో పడుకున్నారు."

మూలన గోళ్లు కొరుక్కుంటున్న రచయిత కుర్చీ తన్నుకుంటూ లేచాడు. "నాయనమ్మ! పాపకి నాయనమ్మ! చిన్నప్పుడు తప్పిపోయిన నాయనమ్మ!"

"నాయనమ్మ చిన్నప్పుడు తప్పిపోవడమేంటయ్యా?" అన్నాడు డైరెక్టరు.

"పాప చిన్నప్పుడు సార్!"

డైరెక్టరు మానిటరు చూశాడు, నాయనమ్మని చూశాడు, మళ్లీ మానిటరు చూశాడు. ఆయన కోపం మెల్లిగా కథలోకి దిగిపోవడం అందరికీ కనిపించింది. "మామ్మగారూ, రేపు రాగలరా?"

"ఏడవమంటే మాత్రం రాను. ఏడిపించమంటే వస్తాను."

"నాదొక మనవి" అన్నాడు బాబాయి మంచుగడ్డ తీసి. "ఆవిడతో నాకు రెండో టేకు వద్దు."

సెట్టంతా గొల్లున నవ్వింది. డైరెక్టరు ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇంకోసారి నాకు చెప్పకుండా మంచం మీద మనుషుల్ని మార్చావో, నిజంగానే కట్లు కడతా. వెళ్లి చదువుకో." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఆ కుదరదన్న మాట బాగా చెప్పావ్. వణుకు కొంచెం తగ్గించాలి."

ఆ షాటు వచ్చిన సాయంత్రం ఇంట్లో సోఫాలో నాయనమ్మ చోటు ఖాళీగా ఉంది, ఆవిడ షూటింగులో ఉంది. ఆ ఖాళీలో పుస్తకాలు పరుచుకుని ఆమె, స్కేలు లెక్కలు చేసుకుంటున్నారు. ఇద్దరి మధ్యలో నాన్న ఒక దిండు పెట్టి, "కారుకైనా ఇంటికైనా బ్రేకు ముఖ్యం" అని చెప్పి వెళ్లాడు. అమ్మ కాజాలు పక్కన పెట్టి టీవీ పెట్టింది. స్కేలు జీవితంలో చూస్తున్న మొదటి ఎపిసోడు.

ముడతలు పడ్డ చెయ్యి దుప్పట్లోంచి లేచింది. ఫెడేల్! పక్కింట్లోంచి, ఎదురింట్లోంచి, పైవాటాలోంచి ఒకేసారి ఈలలు. మాస్కు తీసి నాయనమ్మ కెమెరాకేసి చూసింది. "నా మనవరాలు క్షేమంగా ఉంది. దాని పని అది చూసుకుంటోంది. ఈలోపు నేనున్నాను" అంది. అది రచయిత రాసిన మాటో, ఆవిడ సొంతంగా అన్న మాటో తెలియలేదు. ఏడవనన్న మనిషి కళ్లు మాత్రం తెర మీద తడిగా మెరిశాయి.

స్కేలు దిండు మీదుగా వంగి చూశాడు. "పార్ట్‌నర్, ఏడుస్తున్నావా? అది గ్లిజరిన్ అని నువ్వే చెప్పావుగా!"

"గ్లిజరిన్ ఆవిడకి" అంది ఆమె, చేతి వెనకవైపుతో ముక్కు తుడుచుకుంటూ. "నాకు నిజంగానే వస్తున్నాయి. ఆ ఆరో లెక్క ఎంతొచ్చింది నీకు?"